నూకమ్మ సగం

అరవైనాలుగో సంవత్సరం ఆషాఢపు ముసురులో, ఉక్కు ప్లాంటు పక్కనున్న కోహ్కా బస్తీలో నూకమ్మ ఇంటి పెంకులు ఒక్కొక్కటే నేలరాలుతున్నాయి. కాంట్రాక్టరు నరసింగరావు గొడుగు కింద నిలబడి కూలీలకు చెయ్యి చూపిస్తున్నాడు. సగం ఇల్లు విప్పమన్నాడు. ఆ సగంలో పక్షవాతంతో మంచాన పడి ఉంది నూకమ్మ అత్త అప్పయమ్మ. వాన ఆమె ముఖం మీదే పడుతోంది.

ఇల్లు మొగుడూ పెళ్ళాలిద్దరి పేరా ఉంది. ఏడేళ్లు ప్లాంటు పునాదులకు తట్టలు మోసి కట్టుకున్నది. మొగుడు అప్పలసూరి, పర్మనెంటు నౌకరీ ఇప్పిస్తానన్న నరసింగరావు మాట నమ్మాడు. లంచానికని అతని దగ్గరే అప్పు చేసి నోటు రాసిచ్చాడు. నౌకరీ రాలేదు. నరసింగరావు కోర్టుకెక్కి అప్పలసూరి వాటా వేలం వేయించి, తానే పాడుకున్నాడు.

"బాబూ, మనమంతా ఒక్క తాలూకా నుంచి ఇక్కడికొచ్చినోళ్ళం. ఆ నోటు మీద నాను ఏలెయ్యనేదు. నా సగం నాకుండనీ" అంది నూకమ్మ మంచాన్ని పక్కకు లాగుతూ.

"నీ సగం జోలికి నానొచ్చేనేటి? నా సగమే ఇప్పించుకుంటన్నాను."

తాలూకా ఒకటే. కూలీల ఊరు వేరు, కాంట్రాక్టర్ల ఊరు వేరు.

ఇంతలో కూలీలుండే క్యాంప్ 1 నుంచి సూర్యావతి పాతికమంది ఆడకూలీలను వెంటేసుకొచ్చింది. నూకమ్మతో తట్టలు మోసే మనిషి, యూనియన్ మనిషి.

"ఒకీలు ఏలం కాయితం సదివినాడు. సూరి వాటా సగమే. ఏ సగమన్నది కోర్టు పంచితేనే తేలతాది. అందాకా పతీ ఇటికలోనూ నూకమ్మకి పాలుంది. సెప్పు బాబూ, ఏ పెంకు నీది?"

నరసింగరావు ఠాణాకు మనిషిని పంపాడు. ఆడవాళ్ళు కప్పులేని సగంలో, బురదలోనే బైఠాయించారు. అప్పలసూరి వీధి చివర తలొంచుకు నిలబడ్డాడు. నూకమ్మ ముఖం తిప్పుకుంది.

పోలీసులు కాగితం చదవలేదు. లాఠీ దెబ్బకు సూర్యావతి మణికట్టు విరిగింది. నూకమ్మను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు.

మూడోనాడు నరసింగరావు ఠాణాకొచ్చి, ఊచల్లోంచి కాగితమూ సిరాపెట్టె అందించాడు.

"మీ అత్త తెల్లారగట్ల పోయింది. నీ సగమూ నాకు రాసిచ్చీ. ఇప్పుడే ఇడిపిస్తాను. కడసూపు దక్కుతాది."

నూకమ్మ నేలకూలి ఏడ్చింది. మొగుడు చెయ్యెత్తిన ప్రతిసారీ అడ్డొచ్చిన మనిషి అప్పయమ్మ. బొటనవేలు సిరాదాకా వెళ్లింది. ఆగింది.

"నానిప్పుడు ఏలేస్తే, నీకాడ అప్పున్నోళ్ళందరి పెళ్ళాలకీ రేపు ఇదే గతి. ఎయ్యను. తలకొరివికి ఆవిడ కొడుకున్నాడు. పో."

ఠాణా ఎదుట నరసింగరావు కట్టిస్తున్న క్వార్టర్లున్నాయి. కాసేపటికి ఊచల్లోంచి నూకమ్మ చూసింది. పాడె శ్మశానం దారి పట్టలేదు, ఆ పనిచోటుకే వచ్చింది. నిప్పుకుండతో ముందు అప్పలసూరి, వెనక చేతికి కట్టుతో సూర్యావతి, ఆ వెనక ఆడకూలీలు. పెంకులు విప్పిన ఛత్తీస్‌గఢీ కూలీలు కూడా పాడెకు భుజం పట్టారు. గేటుకడ్డంగా పాడె దించారు. కాంక్రీటు మిషను ఆగిపోయింది.

"నూకమ్మని ఇడిసిపెట్టాల. మా పెంకులు మళ్ళీ ఎక్కాల" అన్నాడు అప్పలసూరి. "అందాకా మాయమ్మ ఇక్కడే ఉంటాది."

ఠాణాలోంచి లాఠీలు బయల్దేరాయి. నూకమ్మ ఊచలు పట్టుకుని గొంతెత్తింది.

"కూకోండి. ఎవులూ లెగొద్దు."

ఎవరూ లేవలేదు.