అరుగులనుకున్న రాళ్ళు

అయినా రాతి మీద పిల్లలు కూర్చుని కాళ్ళూపుతుంటే, పక్కన మొక్కజొన్న పొత్తులు ఎండుతుంటే, ఎవరో ఆరేసిన గుడ్డ అంచు నుంచి వేలాడుతుంటే, దాన్ని అరుగు అనక ఇంకేమంటారు? ఇంటి వాకిట్లో నడుమెత్తున నున్నటి రాతిపలక. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఎవరైనా కాదులే, మనవాళ్ళైతే అనుకుంటారు. ఓ అమెరికావాడైతే ఏమిటివి అని అడిగేవాడు. తను అడగలేదు. చూడగానే తెలిసినట్టే అనిపించింది, తెలిసినదాన్ని గురించి ఎవరడుగుతారు?

శశికాంత్ కారు ఆపి చాలాసేపయింది, దిగలేదు. న్యూజెర్సీ పార్సిప్పనీలో మార్చి నెల మంచు పార్కింగ్ అంచుల్లో నల్లబడి గడ్డకట్టింది. ఎదురుగా నీరజ్ ఉండే కాంప్లెక్స్ క్లబ్‌హౌస్. లోపల తెర సిద్ధమై ఉంటుంది. లాప్‌టాప్ తన దగ్గరే ఉంది కాబట్టి తను వెళ్ళేదాకా మీటింగ్ మొదలు కాదు.

అతని ఉద్యోగం పేరు డేటా అనలిస్ట్. ఈ చలికాలమంతా చేసింది మాత్రం ఒక ఊరి గురించి రాయడం. ఇండోనేషియా తూర్పు దీవుల్లో ఒకదాని మీద, కొండ వాలున, నలభై గడపల పల్లె. పేరు వాయ్‌లందు. చూడటానికి వచ్చేవాళ్ళకీ, పెట్టుబడి పెట్టేవాళ్ళకీ పనికొచ్చేలా ఆ ఊరికో పరిచయం తయారుచేయమన్నాడు నీరజ్. కంపెనీ అతనిదే. శశికాంత్ ఆ దీవిని ఎన్నడూ చూడలేదు. అక్కడి బడిపంతులు యోహనెస్ పంపే ఫొటోలూ, ఉపగ్రహ చిత్రాలూ చూసి రాశాడు. ఎత్తైన గడ్డి కప్పులు, గుర్రాలు, కొండ దిగితే సముద్రం, ఇళ్ళ నడుమ రాతి అరుగులు. ‘సాయంత్రం అతిథులు ఈ అరుగుల మీద కూర్చుని సూర్యాస్తమయం చూడవచ్చు’ అని రాసిన రోజు తనకే ఆశ్చర్యం వేసింది, అంత బాగా ఎలా రాయగలిగానా అని.

ఎలాగో అతనికి తెలుసు. రేణు పోయాక ఇది రెండో చలికాలం. భార్య గురించి తలచుకోవడానికి అతనికొక చోటంటూ లేకుండా పోయింది. అస్థికలు జెర్సీ తీరంలో సముద్రంలో కలిపినప్పుడు గాలి ఎదురు తిరిగి కొంత బూడిద కోటు మీద పడింది. మర్నాడు ఆ కోటు డ్రై క్లీనింగ్‌కి ఇచ్చాడు. ఇచ్చి కారెక్కాక గాని ఏం చేశాడో తెలియలేదు. లీజు అయిపోయి ఇంకో అపార్ట్‌మెంట్‌కి మారాడు. ఆమె ఎన్నడూ కాలుపెట్టని ఇల్లు. కళ్ళు మూసుకుంటే ఆమె ముఖం వచ్చేది, వెనక గోడ మాత్రం వచ్చేది కాదు. అలాంటప్పుడు ఆ ఊరు దొరికింది. అన్నిటికంటే పడమటి అరుగు మీద ఆమెను కూర్చోబెట్టాడు. రోజూ పని ముగించాక తనూ వెళ్ళి పక్కన కూర్చునేవాడు. మాటలేమీ ఉండేవి కావు.

గురువారం యోహనెస్ నుంచి మెసేజ్ వచ్చింది. ఫొటోలు ఆలస్యమైనందుకు క్షమించమన్నాడు. మేనత్త చనిపోయిందట, ఆవేళే లోపల పెట్టారట. కింద ఒక ఫొటో. పదిమంది కలిసి రాతిపలకను పక్కకు జరుపుతున్నారు. దాని కింద చీకటి. అది పడమటి అరుగు.

అవన్నీ సమాధులే. చనిపోయినవాళ్ళను ఊరి బయటికి పంపరట, ఇంటి ముందే ఉంచుకుంటారట. పిల్లలు వాళ్ళ మీదే ఆడుకుంటారు, గింజలు వాళ్ళ మీదే ఎండుతాయి. ‘మీకు తెలుసనుకున్నాను’ అని రాశాడు యోహనెస్.

శశికాంత్‌కు భయం వేయాల్సింది. వేయలేదు. కలిగింది అసూయ అని గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ప్లాన్ గుర్తొచ్చింది. అక్కడ నీరజ్ కట్టబోయే కాటేజీలకు బండి దారి పడాలంటే పడమటి వైపు మూడు అరుగులు తొలగించాలని ఆర్కిటెక్ట్ గీశాడు. ఊరిపెద్ద దారికి ఒప్పుకున్నాడు. రాళ్ళ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు, అరుగులే కదా అని. ఈ రోజు లోపల కూర్చున్న పెట్టుబడిదారులు సరేనంటే వచ్చే వారం మెషిన్లు వెళతాయి.

దిగి లోపలికి నడిచాడు.

గుమ్మంలోనే నీరజ్ పట్టుకున్నాడు. “ఏందిరా, పెండ్లికొడుకు లెక్క లేటుగ వస్తున్నవ్? అందరు వచ్చిండ్రు.”

“నీరజ్, పొద్దున పంపిన మెసేజ్ చూశావా?”

“చూసిన.” నీరజ్ గొంతు తగ్గించాడు. “సమాధులంటే ఒక్కరన్న పైసలు పెడ్తరా? మనోళ్ళు శ్మశానం పక్కన ఫ్రీగ ఇచ్చినా తీస్కోరు. నువ్వే రాసినవ్ అరుగులని. నేన్ రాసిన్నా?”

“తెలియక రాశాను.”

“ఇప్పుడు తెలిసింది, మంచిది. నీ కడుపులనే పెట్టుకో. తర్వాత ఊరోళ్ళతోని మాట్లాడి పక్కకు రిలొకేట్ చేద్దం.” భుజం మీద చెయ్యి వేశాడు. అందులో స్నేహం లేకపోలేదు. “చూడు శశీ, ఈ ప్రాజెక్ట్ పోతే నిన్ను జీతం లేకుండ బెంచ్ మీద పెట్టాలె. నీ గ్రీన్‌కార్డ్ ఫైలింగ్ నడుమల ఉన్నది. నేన్ బెదిరిస్తలేను, ఉన్నది చెప్తున్న.”

నిజమే, బెదిరించడం లేదు. శశికాంత్‌కు అతని మీద కోపం రాలేదు. తన నోటి నుంచి బయలుదేరిన మాటే ప్లానై, గీతై, మెషినై అక్కడిదాకా పోయింది. నీరజ్ దాన్ని తోసుకుపోతున్నాడంతే.

లోపల పాతికమంది దాకా ఉన్నారు. సమోసాల వాసన. ముందు వరసలో ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చిన డాక్టర్ లక్ష్మీకాంతం. రిటైరయ్యారు, అందరికీ ఆంటీ. పక్కన తిరుపతయ్య, ఇక్కడే రెండు గ్యాస్ స్టేషన్లున్న పెద్దాయన.

శశికాంత్ లాప్‌టాప్ కలిపాడు. గుర్రాలు వచ్చాయి, గడ్డి కప్పులు వచ్చాయి.

“ఈస్ట్ ఫేసింగ్ ఉన్నయా బాబూ?” తిరుపతయ్య అడిగాడు.

“మీకు సముద్రం చూపిస్తుంటే తూర్పు చూపించమంటారేంటండీ!” అంది లక్ష్మీకాంతం. అందరూ నవ్వారు. “దోమలున్నాయా, అది చెప్పండి ముందు.”

“దోమలు లేవు, మీరొస్తున్నరని తెలిసి పోయినయ్,” అన్నాడు తిరుపతయ్య. మళ్ళీ నవ్వులు.

తర్వాతి స్లైడ్ వచ్చింది. అస్తమయపు వెలుగులో రాళ్ళు. పైన పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్టోన్ సీటింగ్’. గదిలో సద్దు తగ్గింది.

“అయ్యో, అరుగులు!” అంది లక్ష్మీకాంతం మెల్లగా. “తెనాల్లో మా పెద్దమ్మ వాళ్ళకి ఇలాగే ఉండేవి. ఎండాకాలం రాత్రుళ్ళు రాయి ఇంకా వెచ్చగా ఉండేది.” కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఆ చివరిదాని పక్క కాటేజీ నాకు బుక్ చేయించు నాయనా. ఒక్కదాన్నే వచ్చి కూర్చుంటా. ఇంక నాకేం పనుంది?”

ఆమె భర్త పోయిన సంగతి శశికాంత్‌కు అప్పుడు గుర్తొచ్చింది. తను కూర్చున్న రాతి మీదికే ఆమె కూడా వస్తోంది. ఇద్దరికీ చోటుంది. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు, ఇక్కడున్న ఎవరికీ. అయితే ఆ చోట యోహనెస్ మేనత్త ఉంది, మూడు రోజుల కిందటే వచ్చింది. ఆమెను అక్కడినుంచి లేపితే వాళ్ళు ఎక్కడ కూర్చుని ఆమెను తలచుకుంటారు? గోడలేని ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

“ఆ చివరిదైతే దారికోసం తీస్తున్నం మేడమ్,” అన్నాడు నీరజ్. “దాని బదులు ఇంకా మంచిది కట్టిస్తం. ఏం శశీ?”

“అయినా అంత పెద్ద రాళ్ళు ఊరికెనే కూసునేటందుకు తెచ్చిండ్రా?” అన్నాడు తిరుపతయ్య, సమోసా తుంచుతూ. “కొండ మీదికి మోసుడంటే మాటలా?”

“మా శశి చెప్తడు,” అన్నాడు నీరజ్. “ఆ ఊరు మొత్తం ఆయనకే ఎరుక.”

అందరూ ఇటు తిరిగారు. నీరజ్ నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం నవ్వడం లేదు. వెనక ఎవరో కుర్చీ జరిపారు.

శశికాంత్ స్లైడ్ మీది పెద్ద అక్షరాల చివర కర్సర్ పెట్టాడు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపాడు. ఆ ఖాళీలో, తెర మీద అందరూ చూస్తుండగా, ‘గ్రేవ్స్’ అని టైప్ చేశాడు.