పొయ్యి రాజెయ్యని పూట

చిలకమ్మ చేటలో రాళ్లు జోగమ్మ ఏరుతుంది, జోగమ్మకి రాని చదువు చిలకమ్మ చదివి పెడుతుంది. ఉక్కు కార్ఖానాని ఆనుకున్న బర్మామైన్స్ బస్తీలో ఆ సందు ఆడవాళ్ల మధ్య ఏళ్లనాటి ఒప్పందమది. మొగుళ్లు పొద్దుటి షిఫ్టుకి పోగానే నలుగురైదుగురు చేటలు పట్టుకుని చిలకమ్మ గుమ్మంలో చేరతారు. వారపత్రిక విశాఖపట్నం నుంచి రైలెక్కి తీరిగ్గా వస్తుంది. వస్తే వచ్చింది, శరభరాజు డిటెక్టివ్ సీరియల్‌కి వేడి తగ్గుతుందా ఏమిటి!

ఆ రోజు సీరియల్ ఉండాల్సిన పేజీలో నల్లగీతల మధ్య శరభరాజు ఫోటో ఉంది. చిలకమ్మ కింది అక్షరాలు లోపలే రెండుసార్లు చదువుకుంది.

"ఏటయినాదే? సదువు," అంది జోగమ్మ.

"శరభరాజు పోనాడప్పా. గుండెపోటంట."

చేటలన్నీ ఆగిపోయాయి.

"మరి హంతకుడెవుడో ఇంకెవులు సెప్తారు?" అంది చిన్నమ్మి. జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోయిన వారం అతని మాటలకి పడీ పడీ నవ్వారు, అప్పటికే మనిషి లేడు. అది తలుచుకుంటే అందరికీ ఎలాగో అయిపోయింది.

"మన మనిషే గదేటి. తలకి పోసుకుందాం రండి," అంది జోగమ్మ. మొహం చూడనివాడికి మైలేమిటని ఒక్కరూ అనలేదు. వీధి కుళాయి దగ్గర వరసగా తల మీద నీళ్లు పోసుకుని ఎవరిళ్లకి వాళ్లు పోయారు.

చిలకమ్మ తడిజుట్టుతో బొగ్గుల పొయ్యి ముందు కూలబడింది. రెండున్నరకి షిఫ్టు దిగి మొగుడు ఆదిబాబు వస్తాడు, వచ్చేసరికి అన్నం పొగలు కక్కాలి. అగ్గిపుల్ల గీసింది, చెయ్యి ముందుకి పోలేదు. "ఆడది హత్యల కతలు సదివితే మొగుడి కూట్లో ఏటి కలిపీద్దో," అనేది అత్తగారు బతికున్న రోజుల్లో. కలపడం మాట దేవుడెరుగు, కూర వండాలన్నా అది వంకాయో బెండకాయో ఆదిబాబే చెప్పాలి. శరభరాజు కథలో ఆడపిల్ల టార్చిలైటు పట్టుకుని పాడుబంగళాలోకి ఒక్కతే పోయేది, ఎక్కడికే అని అడిగే దిక్కులేదు. చిలకమ్మ కుళాయి దగ్గర కాస్త ఆలస్యమైతే పది సంజాయిషీలు. కథ ఆపిన చోట మాత్రం నలుగురూ ఆమె మొహంలోకి చూసి, "నువ్వేటనుకుంతన్నావు చిలకా, ఎవుడు సంపీసుంటాడు?" అనేవారు. నువ్వేమనుకుంటున్నావని ఆమెని అడిగిన చోటు ఈ లోకంలో అదొక్కటే. ఇప్పుడు అదీ పోయింది. అతనికోసం ఏడుస్తోందో, తనకోసం ఏడుస్తోందో చిలకమ్మకే తెలియలేదు. ఏడవడానికి ఒక్క పూట కావాలి, అంతే.

అమ్మ పోయినప్పుడు ఆ పూట కూడా దక్కలేదు. టెలిగ్రాం ఆదిబాబు చేతికే వచ్చింది. చొక్కా జేబులో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. "పులుసు బాగుంది, ఇంకాస్త ఎయ్యి," అన్నాడు. మెచ్చుకున్నాడు కదా అని ఆమె నవ్వుతూ మారు వడ్డించింది కూడానూ. చెయ్యి కడిగి తుడుచుకున్నాక చెప్పాడు, "మీయమ్మ పోనాదంట." ముందే ఎందుకు చెప్పలేదంటే, "సావు కబురు ఇన్నావంటే పొయ్యి రాజెయ్యవు గదా. ఆకలితో వచ్చినోడికి కూడెవులు పెడతారు?" అన్నాడు. దాచడం తప్పని అతనికి ఈనాటికీ తోచలేదు. చచ్చిన తల్లి కబురు జేబులో పెట్టుకుని పులుసు మారడిగినవాణ్ణి చిలకమ్మ ఇన్నాళ్లూ ఏమీ అనలేదు.

పుల్ల వేలిదాకా కాలింది. ఊదేసింది.

సైకిలు గోడకి ఆనించి ఆదిబాబు లోపలికొచ్చాడు. చల్లటి పొయ్యి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటే, వండలేదేటి?"

"సావు కబురొచ్చింది."

అతని మొహం మారింది. "ఎవులు? ఊర్నించా?"

"శరభరాజు. నాను సదివీ సీరియల్ రాసినాయన."

"పాగల్ అయిపోనావేటే? ఆడు నీకేటవుతాడు?"

చిలకమ్మ లేవలేదు. తడిజుట్టు వీపు మీద పరుచుకుని, పత్రిక ఒళ్లోకి తీసుకుంది.

"మాయమ్మ పోయినప్పుడు నువ్వు తినీసి సెప్పినావు," అంది. "నాను వండకముందే సెప్తన్నాను."