మూత లేని పళ్ళెం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. చాప మీద కూర్చుని ఖర్జూరాలు ఏరుతున్న అమ్మ రసీమా, తల్లి పోయిన నాటి నుంచి ఇంటి పెత్తనమంతా నెత్తికెత్తుకున్న వహీబా అత్త, పెరట్లో మట్టిపొయ్యి ముందు రసీమా కూతురు ఇన్సాఫ్. నాలుగో మనిషి జలీలా నానమ్మ చలికాలంలోనే కన్నుమూసింది. ఆవిడ కాచి దాచిన నెయ్యి మాత్రం ఇంకా జాడీలో ఉంది.

రంజాన్ ఆఖరి ఉపవాసం. మధ్యాహ్నం దాటితే ఊరంతా కాలువ గట్టు వెంట సమాధుల దగ్గరికి వెళ్తుంది. పోయినవాళ్ళ పేరు చెప్పి నలుగురికీ ఏదో ఒకటి పంచుతారు. అందుకోసం అత్త పట్నం నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి గూట్లో పెట్టింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ బిస్కెట్లు కాల్చకూడదు. ఈ ఇంటి దుఃఖాన్ని గౌరవించి, పక్కింటావిడ ఉమ్ సాబిర్ కూడా ఈసారి పిండి కలపలేదు.

ఇన్సాఫ్ కలిపింది. అత్త నిద్ర లేవకముందే నెయ్యీ పంచదారా అరచేత్తో తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టి, పిండిని పిసక్కుండా దగ్గరకు తీసింది. పిసికితే పిండి అలుగుతుందనేది నానమ్మ. ఒక్కోదానికీ ఒక లవంగం గుచ్చి, మంట తగ్గించి, అంచులు ఎర్రబడకముందే పళ్ళెం బయటికి లాగింది.

వాసన అత్తను లేపింది.

"ఏమే, ఇది చావింటి వాసనా, పెళ్ళింటి వాసనా?"

చుట్టాలొస్తే తలుపు వెనక నక్కే ఇన్సాఫ్ తల దించుకోలేదు.

"నానమ్మ వాసన."

"అబ్బో, మాటలొచ్చాయే! రేపు ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోనే? డబ్బా తెచ్చానుగా!"

"ఆ డబ్బా బిస్కెట్లు తిన్నా ఒకటే, అట్ట నమిలినా ఒకటే అనేది నానమ్మ. నీకూ తెలుసు అత్తా. జన్మలో ఆవిడ ఎవరి చేతిలోనూ అలాంటివి పెట్టలేదు. ఆవిడ సమాధి దగ్గర వాటిని పంచనివ్వను."

"పంచనివ్వదట, మహారాణి! ఇవి కోళ్ళకి!" అంటూ అత్త పళ్ళెం మీదికి చెయ్యి చాపింది.

"ముట్టుకోకత్తా! చల్లారేదాకా గట్టిపడవు."

అప్పటికే ఒకటి అత్త వేళ్ళలో పొడిపొడి అయింది. ఉపవాసం కదా, నోట్లో వేసుకోవడానికి లేదు. అరచెయ్యి ముక్కు దాకా తెచ్చుకుని అలాగే నిలబడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. అంతలోనే ఆ చేతిని నల్ల గౌనుకేసి గట్టిగా తుడిచేసుకుంది.

"అమ్మ పోయి ఆర్నెల్లు కాలేదు! అంత పొగరుంటే ఫో, అందరూ చూస్తుండగా వీధెంట మోసుకుపో. నీ వెనక నేను రాను."

"చల్లారాక వెళ్తాను," అని ఇన్సాఫ్ పళ్ళెం పక్కనే చతికిలబడింది.

మధ్యాహ్నం దాటి, బిస్కెట్లు గట్టిపడ్డాక లేచింది. అమ్మ నల్లగుడ్డ పట్టుకుని పరుగున వచ్చింది.

"కప్పుకుని పో తల్లీ, ఎవరి కంటా పడకుండా."

"దొంగసొత్తేం కాదుగా అమ్మా?"

పళ్ళేన్ని నెత్తికెత్తుకోకుండా, లోపలున్నవి అందరికీ కనపడేలా రెండు చేతులా పట్టుకుని గడప దాటింది. అరుగుల మీది ఆడవాళ్ళు పళ్ళెంకేసి తిరిగారు. ఉమ్ సాబిర్ లేచి నిలబడింది.

"ఏంటే అది? మీ ఇంట్లోనా?"

"మా ఇంట్లోనే. నానమ్మవి," అంది ఇన్సాఫ్, లోపలికి కూడా వినపడేటట్టు.

వెనక అత్త తలుపు మూసి గడియ పెట్టింది.