వదిలేసిన వరుస

“గ్యాస్ మల్ల బంద్ చెయ్యలే నువ్వు,” అంది అనసూయమ్మ, కోడలు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే. “ఇల్లంత వాసన. నేను చూసిన గాబట్టి సరిపోయింది. లేకుంటె ఏమయ్యేది?”

వసుధ గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దున ఇడ్లీలు దించాక నాబ్ తిప్పిన గుర్తుంది. కానీ నెల రోజుల్లో ఇది ఐదోసారి. ఐదుసార్లూ ఆమెకు గుర్తుంది, ఐదుసార్లూ ఆ గుర్తు తప్పని ఇంట్లో తేల్చేశారు. అత్త చూసిందంటోంది, భర్త నమ్ముతున్నాడు, ఇక తన గుర్తు ఎవరిక్కావాలి? ఈమధ్య వసుధకు తన చేతుల్ని చూస్తేనే భయం వేస్తోంది. సీతాఫల్‌మండి దాటాక ఆటో దిగి, వెనక్కి పరుగెత్తుకొచ్చి, నాబ్ పట్టి చూసుకుని, మళ్ళీ పరుగెత్తిన రోజులున్నాయి. ఆలస్యమైనందుకు ఆఫీసులో మాటలు పడింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అదొక రుజువవుతుందని భయం.

భర్త యుగంధర్ మంచివాడని చుట్టాలందరూ అంటారు. నిజమే, గొంతు పెంచడు. ఆ పూట కూడా సోఫాలో కూర్చుని మెల్లగా చెప్పాడు. “నీకు దిమాక్ ఖరాబైందని నేను అంటలేను. జెర ఆరాం లేదు నీకు, గంతే. నౌకరి బంద్ చేసి ఆరాం తీస్కో. మౌలాలి ఇంటి సంగతి నేను చూస్కుంట. శుక్రవారం మూడింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకొచ్చి ఆ జీపీఏ మీద ఒక్క సంతకం పెట్టు, నీకే తక్లీఫ్ ఉండదు.”

మౌలాలి ఇల్లంటే ఎంతని? రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఆమె తల్లి కట్టుకున్న రెండు గదులు. తల్లి పోయాక వసుధ పేరు మీదికి వచ్చాయి. పెత్తనమంతా అతనికి రాసిచ్చే ఆ కాగితం మీద సంతకం పెడితే వాటిని అమ్మాలన్నా, కూల్చాలన్నా ఇక ఆమెను అడగక్కర్లేదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఈ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా ఆమెను అడిగినవాళ్ళు లేరు, అడగాల్సింది ఆ రెండు గదుల సంగతొక్కటే మిగిలింది. అయినా శుక్రవారం పెట్టేద్దాం అనుకుంది. స్టవ్ ఆర్పడం చేతగానిదానికి ఇల్లెందుకు?

బేగంపేటలో ఆమె చేసే పని కొంచెం వింతైనది. ఇంగ్లండులో హార్లిండన్ హాల్ అని ఒక ప్రభువుల బంగళా ఉంది. మొదటి దొర మద్రాసులో కుంపిణీ కొలువు చేసి, ఇక్కడి డబ్బు మూటగట్టుకుపోయి, అరవై గదులతో కట్టించాడు. వాళ్ళు దాన్ని ఇల్లు అనే పిలుచుకుంటారు. ఏడు తరాల ఉత్తరాలు, వంటింటి జాబితాలు, దాసీల పుస్తకాలు ఫొటోలు తీసి పంపిస్తే, ఇక్కడ ఆ గొలుసుకట్టు రాత చూసి టైపు చేస్తారు. ఒకే పేజీని ఇద్దరికి ఇస్తారు. ఒకరిది ఇంకొకరు చూడకూడదు. రెండూ కంప్యూటర్ పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రగా చూపిస్తుంది. వసుధకు జోడీ జన్నత్. ఎర్ర రంగు వచ్చిందంటే తప్పు జన్నత్‌దేనని మూడేళ్ళుగా అందరికీ తెలుసు. “నీవి కండ్లు కావక్కా, కెమెరాలు,” అని తనే నవ్వేది. ఆఫీసులో అక్షరం పొల్లుపోనివ్వని మనిషి ఇంట్లో మళ్ళీ మళ్ళీ అదే తప్పు ఎలా చేస్తోందని ఎవరైనా అడగాలి కదా. ఎవరూ అడగలేదు. వసుధే అడగలేదు, ఇక ఇతరులెందుకడుగుతారు?

ఆ వారం మూడో ప్రభువు కాలం నడుస్తోంది. ఆయన భార్య లేడీ ఇసబెల్లా గురించి ఆ కుటుంబం అచ్చువేసుకున్న చరిత్రలో ఒకే వాక్యం ఉంది: ‘అనారోగ్యం వల్ల ఇరవై రెండేళ్ళు తూర్పు గదుల్లో విశ్రాంతి తీసుకున్నారు.’ ఆమె తండ్రి ఇచ్చిన పొలాలు పెళ్ళిలో ఆమె పేరు మీదే రాశారు. ఆమె విశ్రాంతిలోకి వెళ్ళిన ఏడాదికి అవి ప్రభువు పేరు మీదున్నాయి. ఇంటి పెత్తనం చూసే మిసెస్ క్రోక్ రాసుకున్న రోజువారీ పుస్తకం వసుధ చేతికొచ్చింది. ‘అమ్మగారి కొవ్వొత్తి ఈ రోజూ ఆర్పకుండా ఉంది. పరదా అంచు కాలింది.’ అది టైపు చేస్తుంటే వసుధకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పాపం, ఈవిడకూ నాలాగే మతిమరుపు అనుకుంది.

గురువారం పొద్దున ఆ పేజీ ఎర్రబడి వచ్చింది. ఒక అక్షరం తేడా కాదు, మొత్తం వరుస. జన్నత్ కాపీలో ఉంది, వసుధ కాపీలో లేదు. ఇక్కడ కూడా మొదలైంది అనుకుంది వసుధ. ఫొటో తెరిచింది. తను టైపు చేసిన వరుస కిందే ఇంకొకటి ఉంది.

‘అమ్మగారి కొవ్వొత్తి నేనే ఆర్పి వచ్చాను. దొరగారు చెప్పినందుకు నేనే వెళ్ళి మళ్ళీ వెలిగించాను. దేవుడు నన్ను క్షమించాలి.’

“రెండు లైన్లు ఒక్క తీరుగ షురూ అయినయక్కా,” అంది జన్నత్ పక్క కుర్చీలోంచి. “కన్ను ఒకదాని మీదికెళ్ళి ఇంకోదాని మీదికి దుంకుతది. అందరికి అయితది. గింతదానికి పరేషాన్ ఎందుకు?”

వసుధకు ఆ మాటలు చెవికెక్కలేదు. నిన్నటిదాకా తన చేతుల్ని చూసి భయపడింది, అదెంత చిన్న భయమో ఇప్పుడు తెలిసింది. తలనొప్పి వస్తే నుదుటికి బామ్ రాసే అత్త. ఆఫీసుకు చేరావా అని రోజూ ఫోన్ చేసే భర్త. తను లేనప్పుడు ఆ ఇద్దరూ టీ తాగుతూ, గ్యాస్ వదిలేసిందని ఈ రోజు అందామా రేపు అందామా అని మాట్లాడుకుని ఉంటారా? అలా అయితే తను పన్నెండేళ్ళుగా ఎవరికి వండిపెడుతున్నట్టు? తనకే మతి పోయిందని తేలితే బాగుండునని ఆ క్షణం నిజంగా కోరుకుంది. మతిపోయినా ఇల్లంటూ ఒకటి మిగులుతుంది.

శుక్రవారం ఇంకా తెల్లవారకముందే లేచి అన్నీ వండింది. అన్నం, కూర హాట్‌బాక్సుల్లో, టీ ఫ్లాస్కులో పెట్టింది. అనసూయమ్మ పూజలో ఉండగా సిలిండర్ దగ్గర వంగి రెగ్యులేటర్ ఊడదీసి, పాత చున్నీలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మెట్రోలో బ్యాగు తనిఖీ చేసే అమ్మాయి, “ఇదేంది మేడం?” అంది. “రిపేరుకు తీస్కపోతున్న,” అంది వసుధ. ఆఫీసులో జన్నత్‌కు అంతా చెప్పింది. జన్నత్ నవ్వుతుందేమో అనుకుంది. ఆ పిల్ల నవ్వలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది. యుగంధర్. ఏమైనా చెప్పు, తిన్నావా అని అడుగు, కరెంటు పోయిందని చెప్పు, ఆ మాట తప్ప ఏదైనా చెప్పు, జన్మంతా నీకు చాకిరి చేస్తా అని మనసులో మొక్కుకుంటూ ఎత్తింది.

“మల్ల వదిలిపెట్టి పోయినవ్ వసుధా,” అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. “అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. ఇల్లంత గ్యాస్ వాసనంట. కిటికీలన్ని తెరిచిందంట పాపం. నేను కోపం చేస్తలేను. మూడింటికి వచ్చి సంతకం పెట్టు, ఇంక ఆరాం తీస్కో.”

“రెగ్యులేటర్ నా బ్యాగుల ఉంది,” అంది వసుధ.

అదేందని అతను అడగలేదు. అమ్మ పొరపాటు పడ్డదేమో అనైనా అనలేదు. ఆ రెండిట్లో ఒక్కటి అన్నా ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది. అతను అడిగింది ఇంకొకటి.

“నీకెప్పటి సంది ఎరుక?”

వసుధ బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది.

“ఇంటికి రా వసుధా,” అన్నాడతను, ఇంకా మెత్తగా. “ఇంటికి రా. కూసొని మాట్లాడుకుందం.”

“సంతకం పెట్టను,” అంది. “మౌలాలికి పోతున్న. ఇంటికి రాను.”

చివరి మాట తనకే సరిగ్గా వినపడలేదు. అందుకని మళ్ళీ అంది, ఈసారి గదిలో అందరూ తలెత్తి చూసేంత గట్టిగా.

“రాను.”