రంగు విరిగిన గెడ్డ

గెడ్డ ఎర్రగా పారేది.

ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం... పైన నూలుకి రంగులేసే షెడ్డులో ఆ పూట ఏ రంగు కలిపితే ఆ రంగు. శృంగవరపుకోట అవతల, కొండ దిగువన, బుల్లమ్మ ఊరికి తాగునీటికి ఆ వాగే దిక్కు. ఇసకలో చలమ తవ్వితే చలమలోనూ ఎరుపే ఊరేది. గేదెలు మూతి పెట్టబోయి వెనక్కి తిరిగేవి. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్క ఊరి బోరుకి నడిచేవారు. షెడ్డువాళ్ళని తిట్టని నోరు లేదు.

తిట్టేవారు — కానీ ఆ నీళ్ళు తాగేవారు కాదు.

బుల్లమ్మ కూతురు ఝాన్సీ యూనివర్సిటీలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేది. షెడ్డు కాలవ అడుగునున్న నల్లటి బురద పట్టుకుపోయింది. ఆ బురదలో రంగు తిని బతికే క్రిములున్నాయి. కంటికి ఆనవు. ఎర్రరంగు నీళ్ళలో వాటిని వదిలి, సీసా మూత బిగించింది. కొన్నాళ్ళకి చూస్తే — నీళ్ళు! ఉత్త నీళ్ళు! ఝాన్సీ ల్యాబులో ఒక్కతే కూర్చుని సంతోషంతో ఏడ్చింది.

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి వేసవికి షెడ్డులో ఆ క్రిముల కోసం తొట్టె కట్టారు.

గెడ్డ తేటబడింది.

ఊరు ఊరంతా ఝాన్సీని ఆకాశానికెత్తింది. బుల్లమ్మ మళ్ళీ చలమ తవ్వింది. అందరికంటే ముందు తనే.

ఝాన్సీ మాత్రం పరీక్షలు ఆపలేదు. తొట్టెలో రంగు విరిగింది, అంతే. విరిగిన ముక్కలకి రంగు లేదు... విషం ఉంది. గాలి ఊదే రెండో తొట్టె ఉంటే వేరే క్రిములు ఆ ముక్కల్నీ తినేస్తాయి. మొదట్నించీ ఆ మాట చెబుతూనే ఉంది. షెడ్డు మేనేజరు గణపతిరావు నవ్వేశాడు.

"నీళ్ళు తెల్లగున్నాయి కదమ్మా. ఇంకా ఏటి?"

ఆఫీసుల్లో చెప్పింది. ఊళ్ళో చెప్పింది. చివరికి తాగొద్దని తల్లి కాళ్ళు పట్టుకుంది.

"ఓలమ్మ! నా కూతురు బాగుసేసిన నీళ్ళే ఇవి. నేనే తాగకపోతే ఇంకెవులు తాగుతారే?"

అంటూనే బుల్లమ్మ గ్లాసు ఎత్తి, గటగటా తాగేసింది.

"తియ్యగున్నాయే!"

ఝాన్సీకి ప్రాణం పోయినంత పనయింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఇంట్లో ఉన్న పసుపంతా బకెట్లో వేసి సున్నం కలిపింది. ఎర్రటి నీళ్ళు — దిష్టి తీసే నీళ్ళు. తీసుకెళ్ళి తల్లి తవ్విన చలమలో కుమ్మరించింది. పక్క చలమలో. ఆ పక్కదాంట్లో.

రెల్లు చాటున నిలబడింది.

బుల్లమ్మ వచ్చింది. వంగింది. చూసింది. బిందె ఇసకలో జారిపోయింది.

"నా కూతురు కష్టమంతా మట్టిపాలు సేసినారు! ఎవుల్రా ఈ పని సేసింది? ఆ సేతులు పడిపోను!"

ఏడ్చుకుంటూ, శాపాలు పెట్టుకుంటూ, ఖాళీ బిందెతో బోరు దారి పట్టింది.

ఝాన్సీ చలమ దగ్గరికొచ్చి కూలబడింది. అమ్మ తిట్టినందుకు కాదు ఆమె ఏడుపు.

చలమ ఊరుతోంది. ఎరుపు అప్పుడే పలచబడుతోంది... అడుగునుంచి తేటనీళ్ళు పైకి వస్తున్నాయి.

ఇంట్లో ఇక పసుపు లేదు.