ఇరవై ఒక్క సంతకాలు

మా మరిదికి నేనంటే పడదు. నాకు వాడంటే అంతకన్నా పడదు. వాడు మా దర్జీల సహకార సంఘానికి అధ్యక్షుడయ్యాక ఇంట్లో ఉన్న తగువు కాస్తా కుట్టు షెడ్డుకెక్కింది.

సంఘంలో నలభై మంది సభ్యులం. అందులో తొమ్మిది మంది ఆడవాళ్లం చొక్కాలకు చేత్తో కాజాలు కుడతాం. ఒక గురువారం వాడు నా బల్ల దగ్గరికొచ్చి, నేను కుడుతున్న చొక్కా మీద చెయ్యి వేశాడు.

"వదినా, కాజాల మెషిను కొంటున్నాం. ఇక మీ తొమ్మిది మందితో పని లేదు. ఆదివారం మీటింగులో తీర్మానం పెడుతున్నా."

"సంఘం నీ అబ్బ సొత్తా?"

"కాదనేగా ఓటింగు! దమ్ముంటే నీ వాళ్లందర్నీ తీసుకొచ్చి వద్దని చెయ్యెత్తు. ఇంట్లో కూర్చుని గొణిగితే ప్రజాస్వామ్యం అవ్వదు."

నాకు ప్రజాస్వామ్యం నేర్పుతాడట! ముక్కు తుడుచుకోవడం నా దగ్గర నేర్చుకున్న వెధవ. నా ఒళ్లు మండిపోయింది.

మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. మీటింగుకొచ్చే వాడి మనుషులు వాడితో కలిపి పన్నెండు మంది. మా తొమ్మిది మందికీ వాడి వైపు నుంచి ముగ్గురు వచ్చి కలిస్తే మేమే పన్నెండు, వాడు తొమ్మిది. ముగ్గురు కటింగ్ మాస్టర్లు "నీ వెంటే ఉంటాం అక్కా" అని మాటిచ్చారు. మా తొమ్మిది మందిలో ఇక మిగిలింది మా పిన్ని. నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఆ ఇంట్లో సంపాదించేదీ ఆవిడొక్కతే. జ్వరంతో మంచం దిగడం లేదు.

"నన్నొదిలెయ్యవే, కళ్లు తిరుగుతున్నాయి" అంది.

"చెయ్యెత్తడానికి కళ్లెందుకు పిన్నీ?" అని ఆటో ఎక్కించాను.

షెడ్డులో మెషిన్లు గోడకి జరిపి బెంచీలు వేశారు. గుమ్మం దగ్గర రిజిస్టరులో సంతకాలు. మేం కళ్లజోడు అని పిలిచే కార్యదర్శి దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. పిన్నిని చూడగానే మా మరిది స్వయంగా లేచొచ్చి కుర్చీ వేశాడు. పెన్ను మూత తీసి చేతికిచ్చాడు. జ్వరంతో వణికిపోతున్న మనిషిని చూసి సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను. నా మొహం!

"ఓటు చీటీల మీద రాయించండి" అన్నాను.

"దాచుకోవడానికి ఇక్కడ దొంగలెవరున్నారు వదినా? చేతులెత్తితే చాలు."

ఎవరికెంత గుడ్డ ఇవ్వాలో, ఎవర్ని ఖాళీగా కూర్చోబెట్టాలో నిర్ణయించేది వాడే. అలాంటివాడి ఎదురుగానే చెయ్యెత్తాలి.

"మెషిను వద్దనేవాళ్లు?"

తొమ్మిది చేతులు లేచాయి. పిన్ని చెయ్యి వాలిపోతుంటే పక్కావిడ పట్టుకుని నిలబెట్టింది. నేను కటింగ్ మాస్టర్ల వైపు చూశాను. ముగ్గురూ నేల చూపులు చూస్తున్నారు.

"కావాలనేవాళ్లు?"

ఆ ముగ్గురి చేతులూ లేచాయి. మొత్తం పన్నెండు.

"థూ! మీరూ మనుషులేనా?" అని అరిచాను.

"మాకూ పిల్లలున్నారక్కా" అని నసిగాడు ఒకడు.

"మాకున్నవి కుక్కపిల్లలట్రా?"

ఈ గోలలో కళ్లజోడు పైకి చదువుతూ రాసుకుంటున్నాడు. "హాజరు ఇరవై ఒకటి. కోరం ఉంది. తీర్మానం నెగ్గింది."

"కోరమా? అదేంటి?" అన్నాను.

అతను నా కళ్లల్లోకి చూడలేదు. "సగం మందికి పైన రావాలమ్మా. ఇరవై ఒక్కరు సంతకం పెడితేనే మీటింగు చెల్లుతుంది. ఒక్కరు తగ్గినా తీర్మానం పోయినట్టే. మళ్లీ ఏడాది దాకా పెట్టకూడదు."

"మిగతావాళ్లు?"

"పంతొమ్మిది మంది ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు, ఏ మీటింగుకీ రారు. అధ్యక్షుడుగారికి ఉన్నది పన్నెండేనమ్మా."

దమ్ముంటే అందర్నీ తీసుకురమ్మని వాడు నన్ను రెచ్చగొట్టింది ఇందుకా! మేం తొమ్మిది మందిమీ ఇళ్లల్లో తలుపులేసుకుని పడుకుని ఉంటే వాడు ఏడాది పాటు మా బల్ల జోలికి రాలేకపోయేవాడు. అసలు పిన్ని ఒక్కతి మంచం దిగకపోయినా సరిపోయేది. దింపింది నేనే.

"అంటే, నేను రాకపోయుంటే..." అంది పిన్ని. ఆవిడ లేచింది. పట్టుకోబోతే నా చెయ్యి తోసేసి, పక్కావిడ భుజం ఆసరాగా గుమ్మం వైపు నడిచింది. మిగతా ఆడవాళ్లూ వెనకే కదిలారు.

వాళ్లు గుమ్మం దాటుతుండగా మా మరిది గొంతు పెంచాడు, వాళ్లకి వినబడేలా.

"మెషిను మీదికి ఒకరు కావాలి వదినా. ఇంతమందిని తీసుకొచ్చావు కదా, ఆ పని నీకే ఇస్తున్నా."

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. నాకు జరిగిన మోసం కన్నా ఆ చూపు ఎక్కువ తగిలింది. బెంచీలు తోసుకుంటూ వాళ్ల వెనక పరిగెత్తాను. చివరికి "నాకొద్దు!" అని షెడ్డు అదిరేలా అరిచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.