ఎడమవైపు ముందు సీటు

బసవన్న కారు టైరు కింద నలిగిన నిమ్మకాయ తొక్కను చీపురుతో కాలవలోకి నెట్టి, మిగతా మూడు టైర్లనూ వంగి చూశాడు. నిన్న అమావాస్య. ఇంటిముందు నిలిపిన బండి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, మూరెడు ముందుకు నడిపి, తాళంచెవి దేవుడి పటం దగ్గర పెట్టేశాడు. ముప్పయ్యొక్క ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. అమావాస్య అని డ్యూటీ ఎగ్గొట్టడానికి అక్కడ కుదరలేదు. అందుకే రిటైరయ్యాక కొనుక్కున్న ఈ పాత కారుకు మాత్రం నిష్ఠగా సెలవిస్తాడు.

ఆ ముప్పయ్యొక్క ఏళ్లలో ఆయన బస్సు మేకను కూడా తాకలేదు. ప్రమాదం చేయని డ్రైవరని డిపోలో ఇచ్చిన ప్రశంసాపత్రం కల్లూరులోని ఈ ఇంట్లోనే గోడకు వేలాడుతుంటుంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అడగరు. జరగని ప్రమాదాల గురించి అడగడానికి ఏముంటుంది?

ఏడు నెలల కిందట కారు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బండి గుద్దుకుంటే ఎడమవైపు ముందు సీటు ఎదుటి ఎయిర్‌బ్యాగ్ పగిలి ఇనుప ముక్కలు ఎగరవచ్చనీ, ఉచితంగా మార్చిస్తామనీ, అంతదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టవద్దనీ దాని సారాంశం. చాలామంది చదివి మడిచి పెట్టేసే ఉత్తరం. బసవన్న అక్షరం పొల్లుపోకుండా పాటించాడు.

చిక్కంతా భార్య మద్దమ్మతో వచ్చింది. డ్రైవరు పెళ్లామే గానీ ఆమెకు బస్సెక్కితే వాంతులు. కారులో ముందు కూర్చుంటే తప్ప ప్రయాణం పడదు. కమలాపురంలో ఆమె అక్క మంచం పట్టింది. ఒకసారి ధైర్యం చేసి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరితే, పాణ్యం చేరేలోపే నాలుగుసార్లు ఆపి, ఆమె కళ్లు తేలేయడంతో బండి వెనక్కి తిప్పుకొచ్చాడు. ముందు కూర్చుంటానని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. అప్పటినుంచి మద్దమ్మ అరుగు మీద కూర్చుని, అక్క కోసం పాత చీరలతో బొంత కుడుతోంది.

"ఈ పొద్దన్నా ఏస్తారా?" అంది, సూది మీంచి చూపు ఎత్తకుండా.

"ఏస్తారు. సామాను వచ్చిండాదంట. నువ్వు తయారై ఉండు. రాగానే బయలుదేరదాం."

మార్చాల్సిన ఎయిర్‌బ్యాగ్ సామాను వచ్చిందని షోరూము నుంచి ఫోను నిన్న పొద్దున్నే వచ్చింది. అమావాస్యనాడు బండికి ఇనుము తగలనీయడం మంచిది కాదని, రేపొస్తానని తానే అన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

షోరూముకు పోవడం ఇది తొమ్మిదోసారి. మొదటిసారి కంప్యూటర్లో బండి నంబరు కనబడలేదన్నారు. రెండోసారి బండి పాత యజమాని పేరుమీదే ఉందన్నారు. తర్వాత వచ్చేవారం అన్నారు, ఆపై వారం అన్నారు. పోయినప్పుడల్లా కాఫీ ఇచ్చి, బండి కడిగి పంపేవారు. ఇల్లు చేరేలోపే మా సేవలకు ఐదు నక్షత్రాలు ఇవ్వండని మెసేజీ వచ్చేది. దుమ్ము కొట్టుకుపోయే ఆ వీధిలో అంత శుభ్రమైన కారు ఇంకొకటి లేదు.

కౌంటరులో ఉండే శివజ్యోతి ఆయన్ను చూడగానే లేచి నిలబడింది. మంచి పిల్లే. అందుకే ఆ మాట చెప్పడానికి ఇబ్బంది పడింది.

"నిన్న రమ్మంటిమి కద సార్. ఒకటే వచ్చిండె. మీరు రాకపోయేసరికి ఇంకో బండికి ఏసేసినారు."

"మళ్లా ఎప్పుడొస్తాది మా?"

"చెప్పలేం సార్. కాఫీ తెప్పించేదా?"

పక్క కుర్చీలో పాత్రల అంగడి కేశవయ్య కూర్చుని ఉన్నాడు. పని అయినట్టు కాగితం రాయించుకోవడానికి వచ్చాడు. "నా బండికే ఏసినారప్పా. నేనూ ఎనిమిది నెల్లు తిరిగినా. నిన్న ఫోన్ చేస్తానే అంగడి మూసి వచ్చేస్తి" అన్నాడు, తప్పు చేసినవాడిలా. బసవన్న కోపం తెచ్చుకోబోయాడు గానీ ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. మద్దమ్మ అక్క కొడుకు హనుమేష్.

"చిన్నాయనా, అమ్మ ఇంతకుముందే పాయ. పిన్నమ్మను తొందరగా పిల్చుకుని రా."

బసవన్న కాఫీకి ఆగకుండా ఇంటికి వచ్చాడు. అక్క పోయిన సంగతి చెప్పాడు. కట్టుకున్న కొత్త చీరతోనే మద్దమ్మ కాసేపు అరుగు మీద కూర్చుండిపోయింది. తర్వాత బొంత మడిచి తెచ్చి ముందు సీట్లో పెట్టి, తాను వెనక కూర్చుని తలుపేసుకుంది. ఏడు నెలలపాటు చీర మీద చీర వేసి కుట్టిన బొంత, బరువైనది. బసవన్న తాళం తిప్పగానే, ఆ బరువుకు సీట్లో మనిషి ఉన్నారనుకుని బండి కీచుమని మొత్తుకోసాగింది.

"దానికి బెల్టు పెట్టు" అంది ఆమె.

బసవన్న వంగి బొంతకు బెల్టు పెట్టాడు.

పాణ్యం దాటింది, నంద్యాల దాటింది. ఆమె ఆపమనలేదు. ఆళ్లగడ్డ దాటాక ఆయన ఇక దాచలేకపోయాడు.

"ఫోను నిన్ననే వచ్చిండె. అమావాస్యని నేనే పోలేదు."

వెనకనుంచి మాట వచ్చింది.

"నిన్న బతికే ఉండె గద."

ఆయన ఎప్పటిలాగే అరవై దాటకుండా నడిపాడు.

కమలాపురంలో ఇంటిముందు జనం ఉన్నారు. ఎవరో ఆడవాళ్లు వచ్చి మద్దమ్మను పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. బసవన్న బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఆమె వెనకే నడిచాడు.

ముందు సీట్లో బెల్టు బిగించిన బొంత అలాగే ఉంది. ఒక మూలన, ఇంకా తెంపని దారంతో, సూది దానికే గుచ్చి ఉంది.